సభ అడగని సొమ్ము

2021 సెప్టెంబరులో హిమాయత్‌నగర్‌లోని తెలుగు అకాడమీ తన ఫిక్స్‌డ్ డిపాజిట్లు కొన్నింటిని వెనక్కి తీసుకోబోయింది. రాష్ట్ర విభజన తర్వాత సంస్థ నిధులను రెండు రాష్ట్రాలకూ పంచవలసి ఉంది కాబట్టి ఆ పని తప్పలేదు. తీరా అడిగితే, ఆ డిపాజిట్లు అప్పటికే మూతపడ్డాయనీ, డబ్బు ఎవరో తీసుకున్నారనీ తేలింది. రసీదులు అకాడమీ దగ్గర ఉన్నాయి, సొమ్ము బ్యాంకులో లేదు. యూనియన్ బ్యాంకు కార్వాన్, సంతోష్‌నగర్ శాఖల నుంచి, కెనరా బ్యాంకు చందానగర్ శాఖ నుంచి కలిపి సుమారు 64 కోట్ల రూపాయలు పోయాయి. దొంగ పత్రాలతో డిపాజిట్లు రద్దు చేయించి, ఒక సహకార పరపతి సంఘంలో అకాడమీ పేరుతోనే తెరిచిన ఖాతాకు మళ్ళించి, అక్కణ్ణుంచి నగదుగా పట్టుకుపోయారని పోలీసులు చెప్పారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, డైరెక్టరును తప్పించింది. సీసీఎస్ పోలీసులు అరెస్టులు చేశారు, తర్వాత ఈడీ వచ్చింది. వారం పది రోజులు పత్రికల నిండా అదే వార్త. ఆపైన మరిచిపోయాం.

ఇది పోలీసు కథగా మొదలై పోలీసు కథగానే సాగింది. శాసనసభ కథ కావలసింది, కాలేదు. అకాడమీ భవనానికీ సభకూ మధ్య దూరం రెండు కిలోమీటర్లు మించదు. హైదర్‌గూడ ఎమ్మెల్యే క్వార్టర్లయితే పక్క వీధుల్లోనే. కాగ్ తరఫున లెక్కలు చూసే ఏజీ ఆఫీసు సైఫాబాద్‌లో, సభకు కూతవేటులో ఉంది. చూడవలసిన వాళ్ళంతా ఇంత దగ్గరగా ఉండి కూడా ఆ డబ్బు ఎవరి కంటా పడకపోవడానికి ఒక్క అధికారి నిర్లక్ష్యమో, ఒక్క ముఠా తెలివితేటలో కారణమనుకుంటే పొరపాటు. మన చట్టసభలు తాము ఓటు వేసి ఇచ్చిన సొమ్ము గురించి మాత్రమే మాట్లాడటం అలవాటు చేసుకున్నాయి. ఇచ్చిన తర్వాత అది ఎక్కడ నిలవ ఉందో, ఇవ్వకుండానే ప్రజల దగ్గర నేరుగా వసూలైనది ఎక్కడ పోగవుతోందో, ఇస్తామని చెప్పి ఇవ్వనిది ఏమైందో అడిగే అలవాటు లేదు. విద్య, సంస్కృతి, ఉపాధి రంగాల్లో పెద్ద మొత్తాలు తిరిగేది ఈ మూడు చోట్లే.

అకాడమీ సంగతే కాస్త దగ్గరగా చూద్దాం. విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాలను ప్రాంతీయ భాషల్లో తేవాలన్న జాతీయ విధానం ఫలితంగా 1968లో అది పుట్టింది. అప్పటి విద్యామంత్రి పి.వి.నరసింహారావు వ్యవస్థాపక అధ్యక్షుడు. పారిభాషిక పదకోశాలు, డిగ్రీ పుస్తకాలు, ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలు, ఆ తర్వాత గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదివేవాళ్ళ కోసం పోటీ పరీక్షల పుస్తకాలు వచ్చాయి. అంటే భాషా సంస్కృతీ, చదువూ, ఉద్యోగాల వేటా మూడూ ఒకే కప్పు కింద నడిచే సంస్థ అది. దాని ఆదాయంలో పెద్ద భాగం అట్ట వెనక అచ్చు వేసిన ధరే. నారాయణపేట నుంచో, ఆసిఫాబాద్ నుంచో వచ్చి అశోక్‌నగర్ గదుల్లో అద్దెకుండి చదువుకునే పిల్లలు కొన్న పుస్తకాల డబ్బు ఏళ్ళ తరబడి పోగై డిపాజిట్లయింది. ఇది ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు కాదు కాబట్టి బడ్జెట్ పద్దుల్లో కనిపించదు. పద్దుల్లో లేదు కాబట్టి సభలో చర్చకు రాదు. కాగ్ అధికారాల చట్టం 1971లోని 14వ సెక్షన్ కూడా దాదాపు ఇదే గీత గీసింది. ఒక సంస్థకు ఏటా వచ్చే గ్రాంటు లేదా రుణం 25 లక్షలకు తగ్గకుండా, దాని మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా ఉంటేనే ఆ సెక్షన్ కింద కాగ్ తనంత తానుగా లెక్కలు చూస్తుంది. ఈ షరతుకు లోబడని సంస్థలను చూడటానికి వేరే దారులున్నాయి గానీ, వాటికి ప్రభుత్వం అడగాలి, లేదా అనుమతి ఇవ్వాలి. సొంత కాళ్ళ మీద నిలబడ్డ సంస్థ మీదే నిఘా తక్కువగా ఉండటం ఈ ఏర్పాటులోని విడ్డూరం.

ఆ మోసం తీరులోనే సభకు పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. డిపాజిట్ రసీదును బీరువాలో నుంచి తీసి చూసి, అంకె సరిపోయిందని టిక్కు పెట్టే ఆడిట్‌కు ఇలాంటి దొంగతనం జన్మలో దొరకదు. ఆడిటరే బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి, మార్చి 31 నాటికి ఫలానా ఖాతాలో ఎంత ఉందో బ్యాంకు చేతే చెప్పించుకుంటే మొదటి ఏడాదే దొరుకుతుంది. దీనికి ఖర్చు లేదు, గొప్ప నైపుణ్యమూ అక్కర్లేదు. ఎవరైనా ఒకరు ‘బ్యాంకు ఏమంటోంది?’ అని అడగాలి. శాసనసభ కమిటీ ఎదుట కూర్చోవలసి వస్తుందని తెలిసిన డైరెక్టరు ఆ ఉత్తరం తానే ముందుగా రాయిస్తాడు. సభా పరిశీలన వల్ల వచ్చే లాభంలో సగం ఈ ముందుచూపే. మిగతా సగమే నివేదికలూ, సిఫార్సులూ.

ఇక సభ ఓటు వేసే సొమ్ము సంగతి. 2025-26లో తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో విద్యకు 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం పైచిలుకు. ఈ మొత్తం మీద రాజ్యాంగం 203వ అధికరణ ప్రకారం పద్దుల వారీగా చర్చ జరగాలి, ఒక్కో పద్దునూ సభ ఒప్పుకోవాలి, తగ్గించాలి, లేదా కాదనాలి. జరిగేదేమిటంటే, 2024 జులై ఆఖరున ఒకే రోజు 19 పద్దులను చేపట్టిన సభ తెల్లవారుజామున మూడు గంటలు దాటేదాకా కూర్చుంది. దాన్ని రికార్డుగా చెప్పుకున్నారు కూడా. అర్ధరాత్రి దాటాక వేల కోట్లకు ఓటు వేయడం శ్రమ అనిపించుకోవచ్చు గానీ పరిశీలన అనిపించుకోదు. అప్పుడు సభ్యుల చేతిలో ఉండేవి ఏమిటి? ‘గ్రాంట్ ఇన్ ఎయిడ్’ అనే పేరు, దాని ఎదురుగా ఒక అంకె. విశ్వవిద్యాలయానికి ఇంత, గురుకుల సొసైటీకి ఇంత, అకాడమీకి ఇంత. ఆ డబ్బు ట్రెజరీ నుంచి కదిలిన రోజే ప్రభుత్వ పుస్తకంలో ‘ఖర్చు’ అయిపోతుంది. తీసుకున్న సంస్థ దానితో గోడ కట్టిందా, జీతాలిచ్చిందా, బ్యాంకులో దాచుకుందా అన్నది ఆ పుస్తకానికి తెలియదు. తెలియజెప్పడానికి వినియోగ ధ్రువపత్రం ఉంది. ఆఫీసుల్లో దాన్ని ‘యూసీ’ అంటారు. ఒక పేజీ కాగితం అది. ఇంత అందింది, ఇంత ఖర్చయింది, ఉద్దేశించిన పనికే ఖర్చయింది, కింద సంతకం. ఖర్చు పెట్టిన అధికారే ఆ సంతకం చేస్తాడు. ఆ ఒక్క పేజీ కూడా సకాలంలో రావడం లేదని రెండు తెలుగు రాష్ట్రాల మీదా కాగ్ నివేదికలు ఏటా రాస్తూనే ఉన్నాయి. పర్సనల్ డిపాజిట్ ఖాతాల గురించీ అలాగే రాస్తున్నాయి. మార్చి నెలాఖరుకు సొమ్మును పీడీ ఖాతాలోకి మారిస్తే బడ్జెట్ లెక్కలో ఖర్చు పడుతుంది, ట్రెజరీ దాటి ఒక్క రూపాయీ బయటికి పోదు. బడి పైకప్పు మాత్రం కురుస్తూనే ఉంటుంది.

అసలు పద్దుల్లోకే రాని సొమ్ముకు తెలుగు అకాడమీ కంటే పాత ఉదాహరణ గ్రంథాలయ పన్ను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నుతో పాటు దాని మీద ఎనిమిది శాతం గ్రంథాలయాల కోసం వసూలు చేస్తారు. ఇంటి యజమాని కట్టే బిల్లులో అది కలిసే ఉంటుంది. వసూలు చేసేది మున్సిపాలిటీ, ఖర్చు పెట్టవలసింది గ్రంథాలయ సంస్థ. జీహెచ్ఎంసీ వసూలు చేసుకుని నగర గ్రంథాలయ సంస్థకు పూర్తిగా జమ చేయదన్న ఫిర్యాదు చాలా ఏళ్ళ నాటిది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఏ పొద్దున వెళ్ళి చూసినా ఈ బకాయి అర్థమవుతుంది. తలుపులు తీయకముందే పిల్లలు బారులు తీరి ఉంటారు, కుర్చీ దొరకనివాళ్ళు చెట్ల కింద పుస్తకం తెరుస్తారు. వాళ్ళు చదివేది కథలూ కావ్యాలూ కాదు, గ్రూప్-2 సిలబస్. అంటే ఆ గ్రంథాలయం పేరుకు సాంస్కృతిక సంస్థ, పనికి విద్యాసంస్థ, నిజానికి నిరుద్యోగుల ఆశ్రయం. ఈ పన్ను వేయడానికి అధికారమిచ్చింది శాసనసభ చేసిన చట్టం. తన చట్టం కింద పౌరుల దగ్గర వసూలైన పన్ను చేరవలసిన చోటికి చేరిందా అని ఏడాదికొకసారైనా అదే సభ అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? కార్పొరేషన్‌ను రాష్ట్ర బడ్జెట్ ప్రశ్నించదు, గ్రంథాలయ సంస్థకు కార్పొరేషన్‌ను నిలదీసే బలం లేదు. మధ్యలో కుర్చీలు కొనే డబ్బు ఆగిపోయింది.

ఇస్తామని చెప్పి ఇవ్వని సొమ్ము మరో రకం. దీనికి పార్టీ భేదం లేదు. 2018 ఎన్నికల్లో నెలకు 3,016 రూపాయల నిరుద్యోగ భృతి ఇస్తామన్న టీఆర్‌ఎస్, గెలిచాక 2019 ఫిబ్రవరి ఓటాన్ అకౌంట్‌లో దానికి 1,810 కోట్లు చూపించింది. సభ ఆ బడ్జెట్‌కు ఒప్పుకుంది. భృతి ఒక్కరికీ అందలేదు. 2025 మార్చిలో కాంగ్రెస్ ప్రభుత్వం ఐదు లక్షల మందికి స్వయం ఉపాధి అంటూ 6,000 కోట్లతో రాజీవ్ యువ వికాసం ప్రకటించింది. 16 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. జూన్ 2న మంజూరు పత్రాలు పంచాలనుకుని వాయిదా వేసింది. దరఖాస్తుకు జత చేసేందుకు కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం మీసేవ కేంద్రాల ముందు నిలబడ్డ వాళ్ళకు జవాబు చెప్పవలసింది ఎవరు? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా విచిత్రం. 2008 నాటి నుంచి నడుస్తున్న పథకం. బిల్లు మంజూరవుతుంది, ట్రెజరీ టోకెన్ ఇస్తుంది, డబ్బు రాదు. టోకెన్ పట్టుకుని కాలేజీ ఎదురుచూస్తుంది. కాలేజీ పిల్లవాడి సర్టిఫికెట్ పట్టుకుని కూర్చుంటుంది. 2025 నవంబరు మొదటి వారంలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు మూతపడేదాకా వెళ్ళిందది. బంద్ ఆగింది చర్చల వల్ల, సభ వల్ల కాదు. కేటాయింపుకూ చెల్లింపుకూ మధ్య ఎన్ని టోకెన్లు, ఎన్ని నెలలుగా పడి ఉన్నాయో చెప్పే కాగితం ఒకటి ప్రతి బడ్జెట్‌తో పాటు సభకు ఇవ్వడం మొదలుపెడితే, పెద్ద అంకెలు ప్రకటించే ఉత్సాహం ఏ ప్రభుత్వానికైనా కాస్త తగ్గుతుంది.

ఇక్కడ ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. కాగ్ ఉంది, కోర్టులున్నాయి, ఏసీబీ, ఈడీ ఉన్నాయి, మళ్ళీ సభ ఎందుకని. ఆలస్యం చూస్తే ఈ సమాధానం ఎంత బలహీనమో తెలుస్తుంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015 జులైలో మొదలైంది. దాని మీద కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది 2025 డిసెంబరులో. రెండు, మూడు విడతల్లో నమోదైన దాదాపు 96 లక్షల మందిలో 90 లక్షలకు పైగా వివరాల్లో బ్యాంకు ఖాతా గడి ఖాళీగానో, సున్నాలతోనో ఉందని అది చెప్పింది. ఒకే అంకెను వరసగా కొట్టి ఖాతా నంబరని చూపిన సందర్భాలూ ఉన్నాయట. పదేళ్ళు. ఆ శిక్షణ పొందారన్న కుర్రవాళ్ళకు ఇప్పుడు ముప్ఫై దాటి ఉంటుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన పెద్దలు వెక్కిరించారు గానీ, ఆరు నెలలే అయితే మనం సంతోషించవలసిన రోజులివి. ఇంగ్లండులో 2000 సెప్టెంబరులో ఇలాంటి శిక్షణ పథకమే ఒకటి, ‘ఇండివిడ్యువల్ లెర్నింగ్ అకౌంట్స్’ పేరుతో మొదలైంది. బూటకపు శిక్షణ సంస్థలు దోచుకుంటున్నాయని తెలిసి 2001 నవంబరులో మూసేశారు. 2002లో అక్కడి ఆడిట్ సంస్థ నివేదిక ఇచ్చింది, 2003లో పార్లమెంటు ప్రభుత్వ లెక్కల కమిటీ (పీఏసీ) అధికారులను పిలిచి అడిగి తన నివేదిక ఇచ్చింది. మోసం అక్కడా జరిగింది. కానీ పథకం రూపొందించిన అధికారులు ఇంకా ఉద్యోగంలో ఉండగానే జవాబు చెప్పవలసి వచ్చింది.

పోలీసుల దగ్గరికి వెళ్ళిన లెక్క ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి సంస్థ విషయంలో చూశాం. సీమెన్స్ ప్రాజెక్టుకు ఇచ్చిన 371 కోట్ల మీద వివాదం 2023 సెప్టెంబరులో మాజీ ముఖ్యమంత్రి అరెస్టు దాకా వెళ్ళింది. కేసులో నిజానిజాలు న్యాయస్థానాల పని, వాటి మీద వ్యాఖ్య ఇక్కడ అనవసరం. ఆ శిక్షణ కేంద్రాల్లో ఎవరు ఏం నేర్చుకున్నారు, ఆ యంత్రాలు ఇప్పుడు పనిచేస్తున్నాయా, అలాంటి ఒప్పందం మళ్ళీ రాసుకుంటే ఏ షరతు పెట్టాలి అన్న ప్రశ్నలు మాత్రం అరెస్టు చేసినవాళ్ళకూ, అరెస్టయినవాళ్ళకూ ఇద్దరికీ అక్కర్లేకుండా పోయాయి. నేరం జరిగిందా లేదా అన్నది పోలీసు తేలుస్తాడు. డబ్బు ఫలించిందా లేదా అన్నది అతని ప్రశ్న కాదు. అది చట్టసభ ప్రశ్న. చట్టసభ అడగడం మానేస్తే ప్రతి ఖర్చూ ఏదో ఒక ప్రభుత్వం మారాక ఎఫ్ఐఆర్‌గా తేలుతుంది.

సాహితీపరులూ విద్యావేత్తలూ చెప్పే అభ్యంతరం ఇంకొకటి ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అకాడమీలకూ విశ్వవిద్యాలయాలకూ స్వయంప్రతిపత్తి ప్రాణం, ఎమ్మెల్యేలు పిలిచి ఏ పుస్తకం వేశారు, ఎవరికి పురస్కారం ఇచ్చారు అని అడగడం మొదలుపెడితే కవులు కమిటీ గదుల్లో తలవంచుకు నిలబడాల్సి వస్తుందని వాళ్ళ భయం. నిజమే, అలాంటి సభ్యులు మనకు కొరవ లేదు. అయితే స్వయంప్రతిపత్తిని ఇప్పటిదాకా ఎవరు దెబ్బ తీశారో చరిత్ర చూస్తే సభ పేరు కనిపించదు. ఉమ్మడి రాష్ట్రంలో సాహిత్య, సంగీత నాటక, లలిత కళా అకాడమీలను 1983లో రద్దు చేసింది ఎన్టీఆర్ ప్రభుత్వం. 1957 నుంచి గ్రంథ ప్రచురణలో గట్టి పని చేసిన సాహిత్య అకాడమీ ప్రభుత్వ నిర్ణయంతో లేకుండా పోయింది. రెండేళ్ళకు తెలుగు విశ్వవిద్యాలయం వచ్చి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఆ బాధ్యతలు తీసుకుంది. ఆ అకాడమీల జమాఖర్చులూ, చేసిన పనీ ఏటా సభ రికార్డులో ఉండి ఉంటే వాటిని దండగమారి సంస్థలనడం అంత సులువయ్యేది కాదు. లెక్క చెప్పిన సంస్థకు సభ ఒక కవచం. లెక్క చెప్పని సంస్థ మంత్రి దయ మీద బతుకుతుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఏర్పడిన సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు జీతాలిచ్చారు. మంచి పనే, పాట పాడి రాష్ట్రం తెచ్చినవాళ్ళకు బతుకుదెరువు. కానీ వాళ్ళు పాడేది ప్రభుత్వ పథకాల మీద పాటలు. అది కళాపోషణ ఖర్చా, ఉపాధి ఖర్చా, ప్రచారం ఖర్చా? ఈ ప్రశ్న వల్ల ఏ కళాకారుడికీ అవమానం లేదు. పైగా ప్రభుత్వం మారినా ఆ జీతం ఏ హక్కు మీద నిలుస్తుందో తేలుతుంది. గీత ఎక్కడ గీయాలో కూడా కష్టమేం కాదు. ఏ పుస్తకం, ఏ కవి అన్నది అకాడమీ ఇష్టం. ఎంత సొమ్ము, ఎక్కడ ఉంది, ఎవరు సంతకం చేశారు అన్నది సభ ఇష్టం.

మన ఎమ్మెల్యేలకు లెక్కలు చూసే ఓపికా, చదువూ ఉన్నాయా అన్నది బజారులో వినబడే అనుమానం. ఉండనక్కర్లేదు. మంచి ప్రశ్నలు చాలా వరకు మామూలు మనిషి ప్రశ్నలే. గ్రూప్-1 ప్రిలిమ్స్ ‘కీ’ మీద 2024లో హైకోర్టులో వాదనలు నడిచినప్పుడు తెలుగు అకాడమీ పుస్తకాలను ప్రామాణికంగా తీసుకోలేమన్న మాట పబ్లిక్ సర్వీస్ కమిషన్ తరఫున వినిపించింది. హిమాయత్‌నగర్‌లో ఒక ప్రభుత్వ సంస్థ పోటీ పరీక్షల కోసమని పుస్తకం వేసి అమ్ముతుంది. నాంపల్లిలో ఇంకో ప్రభుత్వ సంస్థ అదే పోటీ పరీక్ష పెట్టి ఆ పుస్తకం చెల్లదంటుంది. మధ్యలో కొన్నవాడు పోయాడు. ఈ రెండు సంస్థలనూ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి ‘మీలో ఎవరి మాట నమ్మి పిల్లలు చదవాలి?’ అని అడగగలిగిన వేదిక రాష్ట్రంలో శాసనసభ ఒక్కటే. కోర్టు కేసు తేలుస్తుంది, విధానం తేల్చదు. రాజ్యాంగం ఇందుకు దారి కూడా పెట్టింది. 323వ అధికరణ ప్రకారం కమిషన్ ఏటా గవర్నరుకు నివేదిక ఇవ్వాలి, ఎక్కడెక్కడ తన సలహాను ప్రభుత్వం కాదన్నదో కారణాలతో సహా అది సభ ముందుకు రావాలి. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకు బయటపడి లక్షల మంది రోడ్డున పడ్డాక కూడా ఆ నివేదికల మీద రోజంతా చర్చించే ఆనవాయితీ మొదలుకాలేదు.

ఓపిక కంటే అసలు చిక్కు రాజకీయం. లోక్‌సభలో 1967లో మీనూ మసానీతో మొదలై పీఏసీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానిదన్న సంప్రదాయం స్థిరపడింది. తెలంగాణలో 2019లో ప్రధాన ప్రతిపక్షం చీలిపోయాక అధికార పక్షంతో స్నేహంగా ఉన్న మజ్లిస్‌కు ఆ కుర్చీ దక్కింది. 2024 సెప్టెంబరులో బీఆర్‌ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్ కండువా కప్పుకున్న అరెకపూడి గాంధీకి ఇచ్చారు. రికార్డుల్లో ఆయన ఇంకా బీఆర్‌ఎస్సేనన్నది ప్రభుత్వ పక్షం వాదన. రికార్డులతో ఇంత చమత్కారంగా ఆడుకునేవాళ్ళు లెక్కల రికార్డులు చూస్తారని నమ్మమంటారు. అదే ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నిక పెట్టారు. 11 మంది సభ్యులున్న వైఎస్సార్‌సీపీ బహిష్కరించింది, కూటమిలోని జనసేన సభ్యుడు అధ్యక్షుడయ్యారు. బహిష్కరించిన పక్షానికీ తప్పులో వాటా ఉంది. కుర్చీ పోయినా గదిలో కూర్చుని ప్రశ్న అడగడం ఎవరూ ఆపలేదు. కుర్చీ మీద కొట్లాట చూసి కమిటీలే దండగ అనడం మాత్రం తొందరపాటు. పార్లమెంటులో 1993 నుంచి శాఖల వారీ స్థాయీ సంఘాలు పద్దులను చూస్తున్నాయి. కేరళ శాసనసభ అంతకు ముందే, 1980లోనే విషయ కమిటీలు పెట్టుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చివరి దశలో, 2013లో, బడ్జెట్ పద్దులను స్థాయీ సంఘాలకు పంపే ప్రయత్నం జరిగింది. రాష్ట్రం రెండయ్యాక ఆ అలవాటును ఎవరూ తమ వాటాగా అడగలేదు. 2014-15 మొదలు కేటాయింపును మించి చేసిన ఖర్చులను సభ చేత క్రమబద్ధం చేయించుకోలేదని తెలంగాణ గురించి కాగ్ ఏడాదికేడాది రాస్తోంది. 205వ అధికరణను అలా గాలికి వదిలేయడానికి కాస్త ధైర్యమే కావాలి.

కొత్త చట్టాలు అక్కర్లేని మార్పు ఒకటుంది. గ్రాంటుతో నడిచినా, సొంత రాబడితో నడిచినా, పన్ను వాటాతో నడిచినా ప్రతి స్వయంప్రతిపత్తి సంస్థా ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా ఆడిట్ అయిన లెక్కలు సభ ముందు పెట్టాలి. ఆలస్యమైతే కారణం రాసి పెట్టాలి. లోక్‌సభ 1975లో సభ ముందుంచే పత్రాల పరిశీలనకు కమిటీ వేసుకుని కేంద్ర సంస్థలకు ఈ గడువే పెట్టింది. స్పీకరు తలచుకుంటే ఇక్కడా నిబంధనల కమిటీ ద్వారా అయిపోయే పని. ఆ లెక్కలకు బ్యాంకుల నుంచి నేరుగా తెప్పించిన నిల్వల పత్రం జత చేయాలన్నది ఒక్కటే మనం కొత్తగా కలపవలసిన షరతు. దీనితో ఫైళ్ళు కదలవనీ, అధికారులు సంతకానికి భయపడతారనీ సచివాలయంలో అంటారు. మార్చి 31న ఖాతాలో ఎంత ఉందో చెప్పడానికి భయపడే అధికారి ఉంటే, ఆయన సంతకం మిగతా పదకొండు నెలలూ ఎందుకు అంత నిబ్బరంగా పడుతోందో చూడవలసిందే.

మొదలుపెట్టడానికి చోటు కూడా వెతకనక్కర్లేదు. పునర్విభజన చట్టం పదో షెడ్యూలులోని సంస్థల సంఖ్య 142కు చేరింది. తెలుగు అకాడమీ అందులో ఒకటి. అందులో ఎక్కువ భాగం విద్య, శిక్షణ, పరిశోధన, సంస్కృతి సంస్థలే, కార్యాలయాలు హైదరాబాద్‌లోనివే. ఉన్నత విద్యా మండలి కేసులో 2016లో సుప్రీంకోర్టు నిధులను జనాభా దామాషాలో, 58.32 : 41.68గా పంచాలన్నాక, పంపకం తెగని చోట్ల డిపాజిట్లు ఎవరూ ముట్టుకోకుండా నిలిచిపోయాయి. ఎవరూ ముట్టుకోని సొమ్ము అంటే ఎవరూ చూడని సొమ్ము. అకాడమీలో జరిగింది బయటపడ్డది కూడా పంచుకోవడానికి అడిగారు కాబట్టే, లేకుంటే ఆ రసీదులు ఇంకా బీరువాలోనే ఉండేవి. మిగిలిన 141 సంస్థల ఖాతాల్లో ఇవాళ ఎంత ఉందో, ఏ బ్యాంకు ఏ శాఖలో ఉందో, సంతకం ఎవరిదో, సంస్థకు ఒక పేజీ చొప్పున రెండు రాష్ట్రాల సభలూ తెప్పించుకుని ప్రచురించాలి. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ఆర్థిక మంత్రి ప్రసంగ పాఠంతో పాటు ఆ 141 పేజీలూ సభ్యుల బల్లల మీద ఉంటే, విద్య పద్దు మీద చర్చకు ఆ రాత్రి మూడు గంటల దాకా కూర్చోవడానికి ఒక కారణమంటూ దొరుకుతుంది.